ప్రమేయం ఉన్న లెక్కలు

కొన్నేళ్ళ క్రితం, నేను పదవీ విరమణ చేసిన మరుసటి వేసవిలో, మా ఎదురింటి కుర్రవాడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు గణిత పుస్తకం పట్టుకొని మా అరుగెక్కాడు. తెలుగు మాధ్యమం. మొదటి అధ్యాయం పేరు "ప్రమేయాలు".

"మాస్టారూ, లెక్క చెప్పమని కాదండీ. ఈ మాటకు అర్థం చెప్పండి, చాలు" అన్నాడు.

ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా బ్రతికినవాణ్ణి మాటకు అర్థం అడిగితే ఊరుకుంటానా? 'మా' ధాతువు, కొలుచుట అని అర్థం, 'ప్ర' ఉపసర్గ, యత్ ప్రత్యయం చేరి ధాతువులోని ఆకారం ఏకారమై 'ప్రమేయం' అయినదన్నాను. న్యాయశాస్త్రంలో గౌతముడు చెప్పిన పదహారు పదార్థాలలో మొదటిది ప్రమాణం, రెండవది ప్రమేయం. ప్రమాణం చేత తెలియదగినది ప్రమేయం. కొలతకు అందనివాడు కనుక విష్ణువు అప్రమేయుడు. ఇంతవరకు ఉత్సాహంగానే సాగింది.

కుర్రవాడు ఓపికగా విని, "మరి 'ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు' అంటారు కదండీ, అదేమిటి?" అన్నాడు. తరువాత పుస్తకంలోని నిర్వచనం చదివి వినిపించాడు. ఒక సమితిలోని ప్రతి మూలకానికీ మరొక సమితిలో ఒకే ఒక మూలకాన్ని జత చేసే సంబంధం ప్రమేయం, అని. నా ధాతువుకూ ఈ నిర్వచనానికీ నడుమ నేను వేయగల వంతెన ఏదీ ఆ పూట కనబడలేదు. కాఫీ ఇచ్చి పంపించాను.

ఆ తరువాత తీరికగా చదువుకున్నదీ, ఆ చదువు నన్ను మా ఇంటి పాత ట్రంకుపెట్టె దాకా తీసుకొని పోయిన తీరూ ఇక్కడ వ్రాసుకుంటున్నాను. నేను గణితం చదివినవాణ్ణి కాను. లెక్కల మాస్టార్లైన మిత్రులు మన్నించి, తప్పు కనబడితే దిద్దుదురు గాక.

మాట పాశ్చాత్యులదే. ఫంక్షన్ అన్న లాటిన్ మూలపు మాటను గణితంలో మొదట వాడినవాడు లైబ్నిట్జ్, 1673 ప్రాంతాల. 1748లో ఆయిలర్ తన గ్రంథంతో దానిని ప్రతిష్ఠించాడు. ఒకటి చెబితే మరొకటి ఖాయంగా ఒక్కటే రావాలి, దానికి సూత్రం ఉన్నా లేకున్నా సరే అనే నేటి భావం 1837లో డిరిక్లే చెప్పిన దానికి దగ్గర. మన పాఠ్యపుస్తకాలవారు దీనికి 'ప్రమేయం' అన్న మాటను ఎంచుకున్నారు. ఎంచుకున్నవారెవరో గాని, వారికి నా నమస్కారం. ఎందుకో ముందుకు పోయినకొద్దీ తెలుస్తుంది.

మాట కొత్తదైనా వస్తువు పాతది. మొదట నీడ సంగతి చెబుతాను.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో కాలమానం చెప్పే చోట ఒక పట్టిక ఉన్నది. పన్నెండంగుళాల పుల్లను నిలబెట్టి దాని నీడను కొలవాలి. నీడ పుల్లకు ఎనిమిదింతలుంటే పగటిలో పదునెనిమిదవ వంతు గడచినట్లు. ఆరింతలుంటే పదునాలుగవ వంతు. రెండింతలుంటే ఆరవ వంతు. పుల్లకు సమానంగా ఉంటే నాలుగవ వంతు. ఎనిమిదంగుళాలైతే పదింట మూడు వంతులు, నాలుగంగుళాలైతే ఎనిమిదింట మూడు వంతులు. నీడ లేకుంటే మధ్యాహ్నం.

ఈ అంకెలను మొదట చూసినప్పుడు ఎవరో కొలిచి వ్రాసుకొన్న జాబితా అనుకున్నాను. వేయి సంవత్సరాలు దాటిన తరువాత, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, సుమారు 850లో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహంలో ఛాయావ్యవహారం చూస్తే అసలు గుట్టు తెలిసింది. నీడ పుల్లకు ఎన్నింతలో దానికి ఒకటి కలుపు, రెండుతో హెచ్చించు, దానితో ఒకటిని భాగించు. పగటిలో గడచిన భాగమో మిగిలిన భాగమో వస్తుంది, అన్నాడాయన. కౌటిల్యుని ఎనిమిదికి ఒకటి కలిపితే తొమ్మిది, రెట్టిస్తే పదునెనిమిది. ఆరుకు ఒకటి కలిపి రెట్టిస్తే పదునాలుగు. ఎనిమిదంగుళాలంటే మూడింట రెండు వంతులు. ఒకటి కలిపితే మూడింట ఐదు, రెట్టిస్తే మూడింట పది, తిరగవేస్తే పదింట మూడు. ఒక్క అంకె తప్పలేదు. కొలిచి వ్రాసుకొన్న జాబితాలో ఇంత నియమం ఉండదు. సూత్రాన్ని పట్టుకొన్న తరువాతనే పట్టిక పుట్టి ఉండాలి.

ఇందులో నన్ను ఆకట్టుకొన్నది "గడచినదో మిగిలినదో" అన్న మాట. పొద్దు చెబితే నీడ ఒక్కటే. నీడ చెబితే మాత్రం పొద్దులు రెండు: ఒకటి ఉదయం వైపు, ఒకటి సాయంత్రం వైపు. కనుక పొద్దు నుండి నీడకు ప్రమేయం ఉన్నది, నీడ నుండి పొద్దుకు లేదు. ఈ జాగ్రత్త ఎరిగినవాడే ఆ 'ఓ'కారం వేస్తాడు. సూత్రం నిక్కచ్చి అయినదేమీ కాదు. పగలూ రాత్రీ సమానమైన రోజున భూమధ్యరేఖ మీద నిలబడి చూసినా, నీడ రెండింతలున్నప్పుడు పదునాలుగు నిమిషాల తేడా వస్తుంది. మన గుంటూరు సీమలో ఇంకా మారుతుంది. అయినా గడియారం లేని రాజోద్యోగికి అది తక్కువ సాయమా?

ఇక మన పంచాంగం. ఇది నాకు బాగా తెలిసిన సరుకు గనుక కొంచెం సేపు ఇక్కడ కూర్చుంటాను.

సూర్యునికీ చంద్రునికీ మధ్య దూరం పన్నెండు భాగలు పెరిగితే ఒక తిథి. చంద్రుని నడక ఒక్క తీరున ఉండదు కనుక తిథి ఒకప్పుడు సుమారు ఇరవై గంటలుంటుంది, మరొకప్పుడు ఇరవై ఏడు గంటలకు దగ్గర పడుతుంది. అయితే ఇంట్లో ఆడవారు "ఇవాళ ఏం తిథి?" అని అడిగితే ఒక్క జవాబే రావాలి. అందుకు పెద్దలు చేసిన ఏర్పాటు: సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు అదే తిథి. వారానికి తిథిని జత చేసే ప్రమేయాన్ని ఇలా కట్టారు. ప్రతి రోజుకూ ఒక తిథి, ఒక్కటే తిథి. కుర్రవాడు చదివి వినిపించిన నిర్వచనం అక్షరాలా ఇదే.

తిథి పొడుగై రెండు సూర్యోదయాలను తాకిందనుకోండి. రెండు రోజులకూ ఒకే తిథి. దాన్ని తిథివృద్ధి అంటాము. తిథి పొట్టిదై ఒక సూర్యోదయం తరువాత పుట్టి మరుసటి సూర్యోదయానికి ముందే పోయిందనుకోండి. ఏ రోజూ ఆ తిథిది కాదు. అది తిథిక్షయం. ఇంటర్మీడియట్ పుస్తకంలో అన్వేకం అనీ సంగ్రస్తం అనీ రెండు మాటలున్నవి. వేర్వేరు మూలకాలకు వేర్వేరు ప్రతిబింబాలుంటే అన్వేకం; అవతలి సమితిలో ఏదీ ఖాళీగా మిగలకుంటే సంగ్రస్తం. కుర్రవాడు వీటిని కంఠస్థం చేయలేక కన్నీళ్ళ పర్యంతమయ్యాడు. "తిథివృద్ధి వచ్చిందంటే అన్వేకం కాదు, తిథిక్షయం వచ్చిందంటే సంగ్రస్తం కాదు" అని రెండవసారి వచ్చినప్పుడు చెప్పాను. చాంద్రమాన సంవత్సరంలో 360 తిథులు, రోజులు 354. కాబట్టి అంతా సవ్యంగా జత కుదిరే వీలే లేదన్నాను. వాడి ముఖం వికసించింది. నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం ఏ వ్యాకరణ సూత్రం చెప్పినా అలా వికసించిన ముఖాలు తక్కువ.

ఇంకొక విశేషం. ఒకే ప్రమేయం అన్ని పనులకూ పనికి రాదని ధర్మశాస్త్రకారులకు తెలుసు. ఆబ్దికానికి సూర్యోదయ తిథి చూడరు. అపరాహ్ణానికి వ్యాపించిన తిథి చూస్తారు. శివరాత్రికి అర్ధరాత్రి వేళ చతుర్దశి ఉండాలి. సంకష్టహర చతుర్థికి చంద్రోదయం ప్రధానం. ఆకాశంలో నడిచేది ఒకటే చంద్రుడు, పని బట్టి మనం అడిగే ప్రశ్న వేరు. రెండు పంచాంగాలలో పండుగ రెండు రోజులు పడినప్పుడు సిద్ధాంతులను వేళాకోళం చేసేవారు ఈ సంగతి గమనించరు. (గణిత పుస్తకంలో ప్రమేయం యొక్క ఫలితాల సమితిని 'వ్యాప్తి' అన్నారు. అపరాహ్ణ వ్యాప్తి ఎరిగిన పండితుడికి ఆ మాట చుట్టం వలె ఎదురైనది.)

నిత్యవ్యవహారంలో అన్నింటికన్నా ఎక్కువగా వాడిన ప్రమేయం త్రైరాశికం. 499 నాటివాడైన ఆర్యభటుడు గణితపాదంలో ఒక ఆర్యలో దీన్ని ఇమిడ్చాడు. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు రాశులు. ఇంత సరుకుకు ఇంత వెల అయితే, అంత సరుకుకు ఎంత? ఫలాన్ని ఇచ్ఛతో హెచ్చించి ప్రమాణంతో భాగించు. 'ప్రమాణం' అన్న మాటను గమనించండి. అదే 'మా' ధాతువు. ప్రమాణంతో కొలిచితే వచ్చేది ప్రమేయం. నాకు ఆ పూట దొరకని వంతెన ఇదే. ఈ పేర్లు పెట్టినవారు ఆ బంధుత్వాన్ని ఎరిగి పెట్టారో లేదో గాని, మాట మాత్రం పుట్టింటికే వచ్చి చేరినది.

1150లో లీలావతి వ్రాసిన భాస్కరాచార్యుడు, హరి జగత్తంతటా వ్యాపించినట్లు త్రైరాశికం గణితమంతటా వ్యాపించి ఉన్నదన్నాడు. గొప్ప మాటే. కాని ఆయనే వ్యస్త త్రైరాశికానికి, అంటే ఒకటి పెరిగితే మరొకటి తగ్గే లెక్కకు, ఇచ్చిన ఉదాహరణ చూడండి. పదహారేళ్ళ స్త్రీకి ముప్పై రెండు నిష్కాలు వెల అయితే ఇరవై ఏళ్ళ స్త్రీకి ఎంత? రెండేళ్ళు కాడి మోసిన ఎద్దు వెల నాలుగు నిష్కాలైతే ఆరేళ్ళు మోసిన దానికి ఎంత? మనిషిని అమ్ముకొనే కాలపు లెక్క చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. అది పక్కన పెట్టినా, ఎద్దు వెల ఇలా విలోమంగా తగ్గుతుందని సంతలో ఏ రైతును అడిగినా నవ్వుతాడు. సంబంధం ఉన్నదని పసికట్టడం ఒక ఎత్తు, అది ఏ జాతి సంబంధమో పోల్చడం మరొక ఎత్తు. మన పావులూరి మల్లన మహావీరుని గణితాన్ని తెలుగు పద్యాలలో పెట్టిన మహానుభావుడు. తరగతిలో ఆయన పేరును సాహిత్యచరిత్రలో ఒక వాక్యంగా చెప్పి దాటవేసిన పాపం నాది కూడా. ఆ వాక్యం దగ్గర ఆగి నాలుగు లెక్కలు చెప్పి ఉంటే ఎందరికి మేలు జరిగేదో.

ఇప్పుడు ట్రంకుపెట్టె.

మా తాతయ్య వీథిబడి చదువు చదివినవాడు. ఎక్కాలు, త్రైరాశికం నోటికి వచ్చు. 1922లో పెద్ద కూతురి పెళ్ళికి మా ఊరి ఆసామి ఒకరి వద్ద నాలుగు వందల రూపాయలు ప్రోనోటు మీద తెచ్చాడు. వడ్డీ నూటికి నెలకు రూపాయిన్నర. 1934లో ఆ అప్పు కింద రెండెకరాల మాగాణి వ్రాసి ఇచ్చాడు. "నాలుగు వందలకు రెండెకరాలు పోయినై, మోసం జరిగింది" అన్నది మా ఇంట్లో మూడు తరాల మాట. పండుగ పూట భోజనాల దగ్గర కూడా ఆ మాట వచ్చేది. ఆ ఆసామి మనుమలతో మా నాన్నగారు చివరి వరకు పలకలేదు.

మా మేనత్త వద్ద ఉన్న పెట్టెలో ఆ నోట్లు దొరికాయి. చెల్లు వేసి తిరిగి ఇచ్చినవి, నాలుగు. 1922, 1925, 1928, 1931. మొదటి నోటు వెనుక పెన్సిలుతో తాతయ్య వేసిన లెక్క ఉన్నది. నాలుగు వందలకు నెలకు ఆరు రూపాయలు, నూట నలభై నాలుగు నెలలకు ఎనిమిది వందల అరవై నాలుగు, అసలుతో కలిపి 1264. దాని కింద గట్టిగా ఒక గీత. త్రైరాశికం తప్పలేదు.

నేను నోట్లు వరుసగా పేర్చి చూశాను. ఏ నోటులోనూ చక్రవడ్డీ అన్న మాట లేదు. అన్నింటిలోనూ బారువడ్డీయే. కాని ప్రోనోటుకు కాలదోషం మూడేళ్ళు. అది దాటేలోపు దావా వేయాలి, లేదా నోటు తిరగ వ్రాయించుకోవాలి. తిరగ వ్రాసినప్పుడల్లా అసలూ వడ్డీ కలిపి కొత్త అసలు అయినది. 400 మూడేళ్ళకు 616. అది మూడేళ్ళకు 948 రూపాయల పది అణాలు. అది 1461. నాలుగవ నోటు గడువు తీరేసరికి 2250. ప్రతి మూడేళ్ళూ విడిగా చూస్తే సరళరేఖ. నాలుగూ కలిపి చూస్తే మెట్టు మెట్టుకూ నిటారవుతున్న మరొక వస్తువు. తాతయ్య ప్రతి మెట్టు మీదా సంతకం చేశాడు. మనసులో మాత్రం మొదటి గీతనే పొడిగించుకుంటూ పోయాడు.

ఆర్యభటుని గణితపాదంలో త్రైరాశికం ఇరవై ఆరవ ఆర్య. దానికి సరిగ్గా ముందున్న ఇరవై అయిదవది వడ్డీకి వడ్డీ లెక్క. నూరు రూపాయలకు నెల వడ్డీ ఎంతో తెలియదు. ఆ వడ్డీని అదే ధరకు నాలుగు నెలలు తిప్పితే మొత్తం ఆరు రూపాయలైనది. నెల వడ్డీ ఎంత? ఇటువంటి ప్రశ్నకు ఆయన మార్గం వర్గమూలం గుండా పోతుంది. ఆరును నూరుతోనూ నాలుగుతోనూ హెచ్చించి, యాభై వర్గం కలిపితే 4900, మూలం 70, యాభై తీసివేసి నాలుగుతో భాగిస్తే అయిదు. వడ్డీ మీద వడ్డీ త్రైరాశికానికి లొంగదని ఆయనకు తెలుసు. అందుకే వేరే ఆర్య. ఇరవై ఆరవది మా ఊరి వీథిబడికి చేరింది. ఇరవై అయిదవది చేరలేదు.

ధర్మశాస్త్రాలు ఈ ప్రమాదాన్ని ఎరుగనివి కావు. కౌటిల్యుడు నూటికి నెలకు ఒకటింపాతిక ధర్మ్యమన్నాడు. వ్యాపారులకు అయిదు, అడవి దారులలో పోయేవారికి పది, సముద్రం మీద పోయేవారికి ఇరవై. అపాయాన్ని బట్టి వడ్డీ. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో వర్ణాన్ని బట్టి రెండు, మూడు, నాలుగు, అయిదు అన్నారు. కింది వర్ణానికి పై మెట్టు వడ్డీ. అప్పు ఎగవేసే అపాయం కులంతో పెరుగుతుందా? కౌటిల్యుని లెక్కకు లోకంలో ఆధారం ఉన్నది, దీనికి లేదు. అదే అధ్యాయంలో, ఒకేసారి తీసుకొనే వడ్డీతో అప్పు రెండింతలు మించరాదన్న హద్దు 151వ శ్లోకంలో ఉన్నది. 153లో చక్రవృద్ధిని నిషేధించారు. మరి 154, 155 చూడండి: అప్పు తీర్చలేనివాడు వడ్డీ చెల్లించి పత్రం మార్చుకోవచ్చు, అదీ చెల్లించలేకుంటే ఆ వడ్డీని కొత్త పత్రంలో ఎక్కించవచ్చు. తలుపు మూసి కిటికీ తెరిచినట్లున్నది. మా తాతయ్య నాలుగు నోట్లూ ఆ కిటికీ గుండా వచ్చినవే.

రెండింతల హద్దును బొంబాయి వైపు కోర్టులు దామ్‌దుపట్ పేరుతో పాటించాయి. మద్రాసు రాష్ట్రంలో పాటించలేదు. 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు ఋణ విముక్తి చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందటి రైతుల అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచి ఉన్న వడ్డీ రద్దు. అసలుకు రెండింతలు ముట్టి ఉంటే అప్పే రద్దు. మా తాతయ్య పొలం వ్రాసి ఇచ్చినది 1934లో. పైగా ధాన్యం ధర కూలిపోయిన ఆర్థిక మాంద్యపు రోజులవి. రూపాయల అప్పు ఏటేటా పెరుగుతుంటే, దాన్ని తీర్చవలసిన వడ్లు ఏటేటా చౌకవుతున్నాయి.

ఈ లెక్కంతా తెల్లకాగితం మీద వేసుకొని మేనత్త వద్దకు పోయాను. అప్పటికి ఆవిడకు ఎనభై అయిదు దాటాయి. పొలం పోయిన నాడు నాలుగేళ్ళ పిల్ల. మోసమేమీ జరగలేదనీ, 2250కి అణా పైసలతో లెక్క సరిపోయిందనీ, తాతయ్య వేసినది మరొక జాతి లెక్క అనీ నెమ్మదిగా చెప్పాను. ఒక పాత పగను తీర్చి వేస్తున్నానన్న తృప్తి కూడా నాకు లేకపోలేదు.

ఆవిడ కాగితం చేతిలోకి తీసుకోలేదు. నోట్లు మాత్రం తీసుకొని, మూడవదానిని కళ్ళ దగ్గరగా పెట్టుకొని చూసింది.

"తిరగరాసిన ప్రతిసారీ వాళ్ళింటికే పిలిపించేవారురా. మీ తాతయ్య అరుగు కింద నిలబడి సంతకం పెట్టి వచ్చేవాడట. వడ్డీ కలిపామని ఎవరన్నా నోటితో చెప్పారా ఆయనకు? అది కూడా లెక్కలోకి వస్తుందేమో నీ పుస్తకంలో చూడు" అన్నది.

నోట్లు మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టి, తాళం వేసి, భోజనానికి లెమ్మన్నది.